మీ నాన్నగారి బ్యారన్ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఏడో తరగతి. సోషల్‌లో ఇప్పుడు తొలినాళ్ల అమెరికా చరిత్ర నడుస్తోంది. ఆ దేశం మీద ఏయే సంస్కృతుల ప్రభావం పడిందో చెబుతూ నాలుగు వారాల్లో ఒక పోస్టర్ చేసి, క్లాసులో ఐదు నిమిషాలు మాట్లాడాలి. పిల్లకి ఈ సబ్జెక్టంటేనే విసుగు. 'అన్నీ తేదీలే, పైగా ఇది మన చరిత్ర కాదు కదమ్మా' అంటుంది. నేను ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. నాన్న పొగాకు రైతు, ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు. అమెరికా చరిత్ర నాకు ఒక్క ముక్క రాదు. దాని స్నేహితురాళ్ల అమ్మానాన్నలు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, దగ్గర కూర్చుని అన్నీ చేయిస్తారు. నాకేమో టెన్షన్. బానిసత్వం గురించి కూడా పెడతానని పాప అంటే, 'అలాంటివి ఎందుకు, టీచర్ ఏమనుకుంటారో' అని మావారు వద్దన్నారు. నేనేం చెయ్యాలి? — ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో 'నాన్న పొగాకు రైతు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీకు ఏమీ తెలియదని చెప్పడానికి మీరు ఆ మాట రాశారు. నాకు మాత్రం మీ అమ్మాయి ప్రాజెక్టు అందులోనే కనిపించింది.

కొండపి వైపు పొగాకు అంటే ఏ పొగాకు? వర్జీనియా. 'ఈసారి వర్జీనియా వేశాం', 'వర్జీనియాకు ధర లేదు' అనే కదా మీ ఊళ్లో మాట్లాడుకునేది. నేను ఆ చుట్టుపక్కల హైస్కూల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పాను. ఆకు కొట్టే రోజుల్లో క్లాసు సగం ఖాళీగా ఉండేది. ఆ సగం బ్యారన్ల దగ్గర, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టాల దగ్గర, కర్రలకు ఆకు కడుతూ ఉండేది. మిగిలిన సగం చేత నేను పటం మీద అమెరికా చూపించి, అక్కడ ఇంగ్లీషువాళ్లు ఏర్పరచుకున్న పదమూడు వలసల పేర్లు చదివించేవాణ్ణి. వాటిలో వర్జీనియా కూడా ఉంది. ఆ వర్జీనియా, వాళ్ల వేళ్లకు జిగురై అంటుకున్న వర్జీనియా ఒకటేనని ఒక్కరోజు కూడా చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే మీ అమ్మాయికి చెప్పాల్సింది కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1607లో ఇంగ్లండు నుంచి నూరుమందికి పైగా మగవాళ్లు, కుర్రాళ్లు వచ్చి ఇప్పటి వర్జీనియా రాష్ట్రంలో ఒక చిన్న కోట కట్టుకున్నారు. రాజు జేమ్స్ పేరు మీద దానికి జేమ్స్‌టౌన్ అని పేరు పెట్టారు. డబ్బు పెట్టి వాళ్లను పంపింది వర్జీనియా కంపెనీ అనే వ్యాపార సంస్థ. బంగారం దొరుకుతుందని వచ్చారు. దొరకలేదు. 1609–10 చలికాలంలో తిండి లేక చాలామంది చచ్చిపోయారు. కంపెనీకి పెట్టుబడి కూడా తిరిగొచ్చే దారి కనిపించలేదు.

వాళ్లు దిగిన నేల ఖాళీ నేల కాదు. పౌహటాన్ అనే పెద్ద నాయకుడి కింద దాదాపు ముప్పై తెగల వాళ్లు అక్కడ ఊళ్లు కట్టుకుని, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుంటున్నారు. పొగాకు కూడా పండించేవాళ్లు, పూజల్లో, ఒప్పందాల్లో వాడేవాళ్లు. కానీ అది ఘాటు రకం, లండన్‌లో అమ్ముడుపోదు. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ అనే అతను కరీబియన్ వైపు స్పెయిన్ ఏలుబడిలోని ప్రాంతాల్లో పండే మెత్తని రకం విత్తనం సంపాదించి జేమ్స్‌టౌన్‌లో నాటాడు. ఆ పంట అందుకుంది. పౌహటాన్ కూతురు పోకాహాంటస్‌ను 1614లో పెళ్లాడింది ఈ రాల్ఫే. ఇక్కడ పాపకు ఒక విషయం చూపించండి. రాజు జేమ్స్‌కు పొగాకంటే అసహ్యం. 1604లో దాన్ని తిడుతూ చిన్న పుస్తకమే రాశాడు. అతని పేరు పెట్టుకున్న ఊరు బతికింది మాత్రం ఆ పొగాకు మీదే.

ఇక పిచ్చి పట్టినట్టు వేశారు. 1617లో కొత్త గవర్నర్ వచ్చి చూసేసరికి జేమ్స్‌టౌన్ వీధుల్లో, సంత జరిగే చోట కూడా పొగాకు మొక్కలే. ఈ మాట చెబితే మీ నాన్నగారికి వెంటనే అర్థమవుతుంది. ధర బాగున్న మరుసటి ఏడు మన ఊళ్లల్లో గట్లు కూడా వదలకుండా వెయ్యడం ఆయన చూసే ఉంటారు. 1619 జులై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో వర్జీనియా ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. అమెరికాలో ఇంగ్లీషువాళ్లు ఎన్నుకున్న మొదటి చట్టసభ అని పాఠ్యపుస్తకం గొప్పగా చెప్పేది దీని గురించే. ఆ సభ తేల్చిన మొదటి సంగతుల్లో పొగాకు ధర ఒకటి. మేలురకం పౌనుకు మూడు షిల్లింగులు, రెండో రకం పద్దెనిమిది పెన్నీలు. గ్రేడు, గిట్టుబాటు ధర! కొండపి వేలం కేంద్రంలో మీ నాన్నగారు బేలు పక్కన నిలబడి ఎదురుచూసింది కూడా ఇందుకే కదా. ప్రజాస్వామ్యం గురించి పది వాక్యాలు బట్టీపట్టిన పిల్ల కంటే, ఆ సభ ఎందుకు కూర్చుందో, ఏ ధర కట్టిందో తెలిసిన పిల్ల ఆ పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నట్టు.

పొగాకు నేలను త్వరగా పీల్చేస్తుంది. మూడు నాలుగు పంటలయ్యాక కొత్త నేల కావాలి. ఆ కొత్త నేల ఎవరిది? పౌహటాన్ తెగల వాళ్లది. ఒక్కో ఏడు గడిచేకొద్దీ ఇంగ్లీషువాళ్ల పొలాలు నది వెంబడి పైకి పాకాయి. 1622 మార్చిలో పౌహటాన్ వాళ్లు ఒక్కరోజే తిరగబడి 347 మందిని చంపారు. దానికి ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి పగ తీర్చుకున్నారు. పుస్తకంలో ఇది 'దాడి' అని ఒక వాక్యంలో ఉండొచ్చు. పొగాకు పంట గుణం తెలిసిన ఇంటి పిల్లకు ఆ దాడి వెనక ఉన్న కారణం చెప్పడం కష్టం కాదు.

నేలతో పాటు మనుషులు కూడా కావాలి. మొదట్లో ఓడ ఖర్చులు కట్టలేని ఇంగ్లీషు పేదలు నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తామని రాసిచ్చి వచ్చేవాళ్లు. ఆ సభ కూర్చున్న 1619లోనే, ఆగస్టు చివర్లో, పాయింట్ కంఫర్ట్ అనే చోట ఒక ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దించింది. అంగోలా ప్రాంతంలో పట్టుకుని పోర్చుగీసు ఓడలో తీసుకెళుతుంటే మధ్యలో దోచుకున్న మనుషులు వాళ్లు. తిండి సరుకు తీసుకుని వాళ్లను ఇచ్చేశారు. 1625లో వలసలో ఇంటింటి లెక్క రాసినప్పుడు జేమ్స్‌టౌన్‌లో ఒక ఇంట్లో ఏంజెలా అనే ఆఫ్రికన్ స్త్రీ పేరు ఉంది. ఆ పేరు పోస్టర్ మీద ఉండాలని నా కోరిక. 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. పన్నెండేళ్ల పిల్లకు బానిసత్వం అంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క చట్టం చాలు.

ఈ కథ మీ బ్యారన్ దాకా వస్తుంది. 1839లో వర్జీనియా పొలిమేరలో, నార్త్ కరోలినాలోని ఒక పొలంలో స్టీఫెన్ అనే బానిస యువకుడు బ్యారన్ మంట కాస్తూ కునుకు తీశాడట. లేచేసరికి మంట ఆరిపోతోంది. గాభరాగా బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా వేడెక్కి ఆకు బంగారం రంగుకు తిరిగింది. ఆ పసుపుపచ్చ ఆకుకు అప్పుడు మొదలైన గిరాకీ నుంచే, తర్వాత గొట్టాల్లో వేడి పంపి ఆకు ఆరబెట్టే పద్ధతి స్థిరపడిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ విత్తనం, ఆ బ్యారన్ 1920ల్లో గుంటూరు ప్రాంతానికి వచ్చి, అక్కణ్ణుంచి మీ జిల్లాకు పాకాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఇవాళ్టికీ గుంటూరులోనే ఉంది. మీ నాన్నగారు రాత్రంతా మేలుకుని బ్యారన్ వేడి చూసుకున్నారంటే, స్టీఫెన్ చేసిన పనే ఆయన కూడా చేశారన్నమాట.

పోస్టర్ మీద ఒక పెద్ద పొగాకు ఆకు గీయించండి. మధ్య ఈనె పంట కథ. దాని నుంచి పక్కలకు వెళ్లే ఈనెల్లో ఒకటి పౌహటాన్ వాళ్ల సాగు, ఒకటి స్పెయిన్ దారిలో వచ్చిన విత్తనం, ఒకటి ఇంగ్లీషు వ్యాపారం, చట్టసభ, ఒకటి ఆఫ్రికన్ల శ్రమ, నేర్పు. ఆకు కాడ దగ్గర తాతయ్య ఫొటో. పొగాకు ఆరోగ్యానికి చేటని పాప ఒక వాక్యం చెబితే మంచిదే. ఆ విషయం దాచనక్కర్లేదు, దాన్ని పొగిడినట్టు కూడా ఉండకూడదు.

ఇప్పుడు మీవారి భయం సంగతి. కొత్త దేశంలో పిల్ల ఎక్కడ మాట పడుతుందోనన్న ఆందోళన అది, నాకు అర్థమైంది. అయితే న్యూజెర్సీ సంగతి ఆయనకు చెప్పండి. ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర బడుల్లో చెప్పి తీరాలని అక్కడ 2002లోనే అమిస్టాడ్ చట్టం పేరుతో చట్టం చేశారు. 2022లో ఆసియా అమెరికన్ల చరిత్ర కూడా చేర్చారు. మీ పిల్ల ఈ విషయం పెడితే టీచర్ పాఠ్యప్రణాళికలో ఉన్నదే పెట్టినట్టు. అయినా అసలు కారణం చట్టం కాదు. ఆఫ్రికన్ల ఈనె తీసేస్తే ఆ ఆకు నిలబడదు.

ఇంకొక మాట. బానిసత్వం పెట్టడమంటే సంకెళ్ల బొమ్మ ఒకటి అతికించి వదిలేయడం కాదని పాపకు చెప్పండి. ఆ మనుషులు ఒట్టి చేతులతో రాలేదు, బుర్రల్లో విద్యలు పెట్టుకుని వచ్చారు. సౌత్ కరోలినా తీరంలో వరి పెద్ద పంట అయింది. ఇంగ్లండులో వరి పండదు, ఆ దొరలకు మడి అంటే ఏమిటో తెలియదు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించే నేలల నుంచి పట్టుకొచ్చినవాళ్లకు తెలుసు. కర్ర రోట్లో వడ్లు దంచి, గడ్డితో అల్లిన వెడల్పాటి చేటల్లో చెరిగేవాళ్లు. ఆ అల్లిక పనిని వాళ్ల వారసులైన గల్లా ప్రజలు ఇప్పటికీ వదల్లేదు. చార్లెస్టన్ రోడ్ల పక్కన అమ్ముతారు. మీ అమ్మగారి చేటను, ఆ చేటను పక్కపక్కన పెట్టి పాపకు చూపించండి. బెండకాయ కూడా వాళ్లతోనే అమెరికా చేరింది. గంబో అనే కూరకు ఆ పేరు బెండకాయకున్న ఒక ఆఫ్రికన్ పేరు నుంచే వచ్చింది.

ఒనెసిమస్ కథ మాత్రం వదలొద్దు. బోస్టన్‌లో కాటన్ మేదర్ అనే మతగురువు ఇంట్లో బానిసగా ఉన్న ఆఫ్రికన్ అతను. మా దేశంలో మశూచి పుండు రసం కొద్దిగా చర్మంలోకి ఎక్కించుకుంటాం, తర్వాత ఆ జబ్బు సోకదని యజమానికి చెప్పాడు. 1721లో బోస్టన్‌లో మశూచి విజృంభించినప్పుడు డాక్టర్ బాయిల్‌స్టన్ దాదాపు 240 మందికి అలా ఎక్కించాడు. వాళ్లలో ఆరుగురు చనిపోయారు. మామూలుగా జబ్బు సోకిన 5,800 మందికి పైగా మనుషుల్లో 844 మంది చనిపోయారు. జనం ఎంత వ్యతిరేకించారంటే మేదర్ ఇంట్లోకి ఎవరో బాంబు విసిరారు. పాపకు ఈ రెండు గుంపుల్లో చనిపోయినవాళ్ల శాతాలూ లెక్కకట్టమని ఇవ్వండి. లెక్క తేలాక, సంస్కృతి ప్రభావం అంటే ఏమిటో మీరు వివరించాల్సిన పని ఉండదు.

మన పుస్తకాల అలవాటు ఒకటి మార్పించాలి. మనం చిన్నప్పటి నుంచి 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నాం. ఆ మాట పాప నోట రానివ్వకండి. 1492లో కొలంబస్ తాను ఆసియా దగ్గరి దీవులకు చేరానని పొరబడి పెట్టిన పేరు అది, పైగా రంగు జోడించి పిలవడం అవమానం. నేటివ్ అమెరికన్లు అనండి. ఇంకా మంచిది, ఏ జాతి వాళ్లో ఆ పేరే చెప్పండి. మీరు ఉండే నేల లెనాపే ప్రజలది. మీ ఊరి పక్కన పారే రారిటన్, పైన ఉన్న హాకెన్‌సాక్, పసాయిక్, నది అవతల మన్‌హాటన్, ఇవన్నీ వాళ్ల భాష పేర్లే. కుకీ, బాస్ అన్న మాటలు అక్కడ కొన్నాళ్లు ఏలిన డచ్చివాళ్లవి. పాప రోజూ స్కూలు బస్సులో వెళ్లే దారి బోర్డులే సగం ప్రాజెక్టు. మన్‌హాటన్ దక్షిణ కొసన పాత కస్టమ్స్ భవనంలో అమెరికన్ ఇండియన్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. ఒక శనివారం వెళ్లి రండి.

ఇంటర్నెట్‌లో రెండు విషయాలు తారసపడతాయి, వాటితో జాగ్రత్త. నేటివ్ అమెరికన్లైన ఇరోక్వా జాతుల సమాఖ్యను చూసే అమెరికా రాజ్యాంగం రాశారని కొందరు రాస్తారు. ఆ సమాఖ్య నిజం. 1744లో కనసటేగో అనే వాళ్ల నాయకుడు మాలాగే మీరూ కలిసి ఉండండని వలసలవాళ్లకు చెప్పిందీ నిజం, దాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చు వేసిందీ నిజం. రాజ్యాంగం మీద ఆ ప్రభావం ఎంత అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా నడుస్తున్న వాదన. పాప కూడా 'వాదన ఉంది' అనే చెప్పాలి. రెండోది, 1773లో ఇంగ్లండు వేసిన పన్నుకు నిరసనగా బోస్టన్ ఓడరేవులో పారేసిన 342 పెట్టెల టీ మన ఇండియాది అని మనవాళ్లు ఫార్వర్డ్ చేస్తుంటారు. అది చైనా టీ. ఈస్టిండియా కంపెనీ తెచ్చి అమ్మింది, అంతే.

'ఇది మన చరిత్ర కాదు కదా' అన్న మాటకు వస్తాను. పాప అన్నదాంట్లో సగం నిజం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యకండి. ఆ దేశాన్ని కట్టింది మనమేనని గొప్పలు చెప్పించొద్దు. ఉన్న సంబంధాలు ఉన్నంతవరకే చెప్పనివ్వండి. 1635లో వర్జీనియాలో జార్జ్ మెనెఫీ అనే ఆసామి 24 మందిని తీసుకొచ్చానని 1,200 ఎకరాలు రాయించుకున్నాడు. మనిషికి యాభై ఎకరాలు, అదీ అక్కడి లెక్క. ఆ జాబితాలో 'టోనీ, ఈస్ట్ ఇండియన్' అని ఒక పేరుంది. మన వైపు నుంచి, అంటే ఇండియా వైపు నుంచి ఆ నేల మీద అడుగుపెట్టిన వాళ్లలో కాగితం మీద కనిపించే తొలి పేర్లలో అదొకటి. 1781లో అదే వర్జీనియాలో, జేమ్స్‌టౌన్‌కు దగ్గర్లోని యార్క్‌టౌన్‌లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, బ్రిటిష్ సేనాని లార్డ్ కారన్‌వాలిస్ సైన్యం వాషింగ్టన్‌కు లొంగిపోయింది. ఐదేళ్లకు అదే కారన్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన తెచ్చిన జమీందారీ శిస్తు పద్ధతి కొన్నేళ్లకు మన ఉత్తర సర్కారులకూ వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంబంధం మీకు గంట ప్రయాణంలో ఉంది. క్వీన్స్‌లో ఫ్లషింగ్ గణపతి గుడికి మీరు వెళ్లే ఉంటారు. ఆ గుడి ఉన్న వీధి పేరు బౌన్ స్ట్రీట్. ఆ బౌన్ ఎవరో ఎప్పుడైనా అడిగారా? 1657లో, అది ఇంకా డచ్చివాళ్ల వలసగా ఉన్న రోజుల్లో, గవర్నర్ స్టైవెసాంట్ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లకు ఎవరూ ఇంట్లో చోటివ్వకూడదని ఆజ్ఞ వేశాడు. ఫ్లషింగ్‌లో ముప్పై మంది దానికి తాము ఒప్పుకోబోమని సంతకాలు పెట్టి పంపారు. వాళ్లలో ఒక్కరూ క్వేకర్ కాదు. తమది కాని మతం కోసం నిలబడ్డారు. తర్వాత 1662లో జాన్ బౌన్ తన ఇంట్లో క్వేకర్ల ప్రార్థనలు జరగనిచ్చాడని అరెస్టు చేసి దేశం దాటించారు. అతను హాలండ్ వెళ్లి, ఆ వలసను నడిపే డచ్చి వెస్టిండియా కంపెనీ పెద్దల ముందే వాదించి గెలిచి తిరిగొచ్చాడు. మనుషుల మనస్సాక్షి జోలికి పోవద్దని వాళ్లు గవర్నర్‌కు 1663లో ఉత్తరం రాశారు. అతని ఇల్లు అదే వీధిలో ఇప్పటికీ ఉంది. మూడు వందల ఏళ్ల తర్వాత, 1977లో, ఆ వీధిలో మన గణపతికి కుంభాభిషేకం జరిగింది. ఈసారి దర్శనం, క్యాంటీన్‌లో దోసె అయ్యాక, పాపను నడిపించి ఆ ఇల్లు చూపించండి. మన చరిత్రా కాదా అన్న సంగతి అక్కడ నిలబడి అదే తేల్చుకుంటుంది.

స్నేహితురాళ్ల అమ్మానాన్నలతో పోల్చుకోవడం మానండి. పుస్తకంలోది వాళ్లూ పుస్తకంలోంచే చెప్పాలి. బ్యారన్ వాసన వాళ్లకు తెలియదు.

ఈ ఆదివారం ఉదయం, అక్కడ సాయంత్రం అవుతుంది కాబట్టి, మీ నాన్నగారికి వీడియో కాల్ చేయించండి. ప్రశ్నలు పాపే రాసుకోవాలి, మీరు తెలుగు అందిస్తే చాలు. బ్యారన్ లోపల కర్రలు ఎన్ని వరసలు, ఆకు ఎన్ని రోజులకు రంగు తిరుగుతుంది, రాత్రి ఎవరు మేలుకుంటారు, మేలురకం అని ఎలా చెబుతారు. చివర్లో, 'తాతయ్యా, దీన్ని వర్జీనియా అని ఎందుకంటారో తెలుసా?' అని అడగమనండి. ఆయన తెలియదంటే, పాప చెబుతుంది.